రుచి చూడని వంట

పద్మాక్షికి వంట రాదన్న సంగతి పెళ్ళిచూపుల నాడే వాళ్ళ నాయన ఒప్పేసుకున్నాడు. తిరుపతిలో దేవస్థానం ఆఫీసులో ఉద్యోగం చేసిన మనిషి, కడుపులో ఏదీ దాచుకోలేడు. "మా పాప బీకాం చదివింది. కాఫీ బాగా పెడతాది. అంతకుమించి అడగొద్దండి" అన్నాడు. పెళ్ళికొడుకు మాధవ్ నవ్వాడు. అతని తల్లి మాత్రం నవ్వలేదు. కోడలికి వంట రాకపోవడం మామూలు ఇళ్ళలో మాటొచ్చే విషయం, అంతే. వాళ్ళ ఇంట్లో అలా కాదు.

బంగారుపాళ్యం దాటాక హైవే దిగి, మామిడితోటల మధ్య చాలా దూరం లోపలికి పోతే వస్తుంది ఆ ఊరు. అక్కడి వేణుగోపాలస్వామి గుడికి మాధవ్ వాళ్ళే అర్చకులు. అంత చిన్న గుడికి వేరే వంటవాళ్ళెవరు దొరుకుతారు? అర్చకుడి భార్యే స్వామికి వండిపెట్టాలి. అంటే పద్మాక్షి ఒక మనిషిని పెళ్ళి చేసుకుని ఇద్దరికి వంటమనిషి అయింది.

మొదటి రోజే పప్పులో కాలేసింది. పొంగలి ఉడికాక, ఉప్పు సరిపోయిందో లేదోనని గరిటె అంచున ఉన్న మెతుకు నోట్లో వేసుకుంది. లోకంలో వండేవాళ్ళందరూ చేసే పనే. అత్తగారు చూసింది. గిన్నె ఎత్తుకుపోయి పొంగలంతా ఆవు తొట్టిలో వంచి, గిన్నె తోమి, మళ్ళీ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని పద్మాక్షికి అనిపించింది.

"అమ్మాయీ, ఈ ఇంట్లో మొదట తినేది ఆయన. ఆయన తినకముందు మనం ఉప్పు చూడం. వాసన గూడా చూడం. మూతికి ముక్కుకు గుడ్డ కట్టుకో" అంది అత్తగారు చివరికి.

"మరి తేడా వస్తే ఎట్ల అత్తా?"

"పక్కనే ఉండాడు గదా. అడుగు."

అడిగితే పలికేవాడైతే జనం ఇన్ని అవస్థలెందుకు పడతారని పద్మాక్షి మనసులో విసుక్కుంది. ఆ విసుగుతోనే అడగడం మొదలుపెట్టింది. "నీళ్ళు పోస్తాండా స్వామీ, చాలా? ఇదో ఉప్పు వేస్తాండా, సూసుకో." మొదట వెటకారంగానే అనేది. మాధవ్ గుళ్ళో, అత్తగారు జపంలో ఉంటే ఆ వంటింట్లో మాట్లాడటానికి ఇంకో ప్రాణి లేదు కాబట్టి కొన్నాళ్ళకు అది కాలక్షేపమైంది. తర్వాత అలవాటైంది. అత్తగారు చనిపోయిన ఏడాది, పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తూ కూడా ఏమేం వేస్తున్నదో ఆయనకు చెబుతూనే వండింది. పాలు అడుగంటితే ఆయనతో పోట్లాడేది. వీధిలో పోయేవాళ్ళు "అయ్యవారమ్మ స్వామిని నిలదీస్తాండాది" అని నవ్వుకునేవారు. మొత్తానికి ఇరవై ఏళ్ళలో ఆమె చేయి కుదిరింది. గిన్నెడు పొంగలికి, గిన్నెడు దధ్యోదనానికి కుదిరింది.

వైశాఖంలో వచ్చే కల్యాణోత్సవం సంగతి వేరు. ఆ రోజు ఊరు ఊరంతా స్వామి ప్రసాదమే తింటుంది. ఆ వంట మాధవ్ చిన్నాన్న వేంకటాచలపతిది. పద్మాక్షి కొబ్బరి తురిమి, కరివేపాకు దూసి పక్కన పెట్టేది, అంతే. ఈ ఏడాది కల్యాణం వారంలో ఉందనగా, మామిడికాయల ట్రాక్టరును తప్పించబోయి ఆయన బండి జారింది. తొడ ఎముక విరిగి చిత్తూరు ఆస్పత్రిలో పడ్డాడు.

ధర్మకర్త చౌడప్ప మంచివాడే కానీ ఊపిరాడనివ్వని మనిషి. వెంటనే గుడి మంటపంలో నలుగురినీ కూర్చోబెట్టాడు. "పెళ్ళిళ్ళకు వండే బ్యాచ్ ఒకటుండాది బంగారుపాళ్యంలో. వాళ్ళను పిలుస్తాం. ఈ ఒక్క ఏడే" అన్నాడు.

ఒక్క ఏడే అని మొదలైనది ఏదీ ఒక్క ఏడుతో ఆగదని పద్మాక్షికి తెలుసు. ఆ వంటవాళ్ళు పనిమంతులే. కానీ అరచేతిలో ఓ బొట్టు వేసుకుని నాకి చూడకుండా కూర దించరు. వాళ్ళ పద్ధతి వాళ్ళది. అలా ఎంగిలిపడిన అన్నాన్ని కల్యాణం నాడు తన స్వామి ముందు పెట్టడం ఆమె తలచుకోలేకపోయింది.

"నేను వండుతా" అంది. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని తనే ఉలిక్కిపడింది.

"అమ్మా, నువ్వు వండేది గిన్నెడు. ఇది కొప్పెర" అన్నాడు చౌడప్ప.

"తెలుసన్నా."

"పులిహోర కోసం ఏడాదంతా ఎదురుసూస్తారమ్మా జనం. తేడా వస్తే?"

"వస్తే నన్నే అనండి."

"అనేదానికి నాకు నోరెట్ల వస్తాది? సరే, వండు. తేడా వచ్చిందంటే మాత్రం వచ్చే ఏడు నుంచి బ్యాచే. అప్పుడు నువ్వు గానీ అయ్యవారు గానీ అడ్డం చెప్పకూడదు."

మాటైతే ఇచ్చింది. ఆ సాయంత్రం గుడి వంటశాలలో బోర్లించి ఉన్న కొప్పెర చూసి, "ఏంది స్వామీ ఇది, నేనే పట్టేటట్టుండాది" అంది. మర్నాడు బస్సెక్కి చిత్తూరు పోయి, ఉప్పు కొలత అడుగుదామని వేంకటాచలపతి మంచం పక్కన నిలబడింది. ఆయన రెండు చేతులూ చాపి చూపించాడు. "నా చేతులకు దోసిలిన్నర. నీ చేతులు చిన్నవి. నువ్వే సూసుకోవల్ల" అన్నాడు. ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమా అని ఆమెకు ఒళ్ళు మండింది.

"భయంగా ఉండాది మామయ్యా."

"నాకు ప్రతి ఏడూ భయమే. అయినా పొయ్యి కాడ నువ్వొక్కదానివే ఉంటావనుకున్నావా?" అని కళ్ళు మూసుకున్నాడాయన.

కల్యాణం రోజు తెల్లవారక ముందే పలమనేరు నుంచి ఆడబిడ్డ గోదా సాయానికి వచ్చింది. ఇద్దరూ మూతులకు గుడ్డలు కట్టుకుని పొయ్యిలు రాజేశారు. చక్కెర పొంగలి అయింది. దధ్యోదనం అయింది. ఏది వేస్తున్నా ముందు స్వామికి చెప్పి మరీ వేసింది పద్మాక్షి. పులిహోరకు అన్నం ఉడికి ఆరుతోంది. చింతపండు పులుసు తుకతుక ఉడుకుతోంది. తన చేతులకు రెండు దోసిళ్ళని లెక్కేసుకుని, ఆమె ఉప్పు దోసిట్లోకి తీసుకుంది. అప్పుడే గడప మీద పెట్టిన ఫోన్ మోగింది.

గోదా తీసి స్పీకర్ పెట్టింది. వేంకటాచలపతి కొడుకు నారాయణ్. షుగర్ తగ్గలేదని వాయిదా వేస్తూ వచ్చిన ఆపరేషన్ ఈ పొద్దే చేస్తున్నారట. "వదినా, నాయనను లోపలికి తీసుకుపోతాండారు. పోతా పోతా ఒకే మాట చెప్పినాడు. పద్మాక్షిని ఉప్పు మరిచిపోవద్దని చెప్పు అని."

పద్మాక్షికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ ముసలాయన స్ట్రెచర్ మీద పోతూ ఉప్పు గురించి ఆలోచించడమేమిటి! మనసు చిత్తూరులోనే ఉండిపోయింది. చేతులు మాత్రం పులుసు దించాయి, అన్నంలో కలిపాయి, పోపు పెట్టాయి. అంతా అయ్యాక గోదా అడిగింది. "వదినా, ఉప్పు వేసినావు గదా?"

గరిటె ఆగిపోయింది. ఫోన్ మోగినప్పుడు ఉప్పు చేతుల్లో ఉంది. ఇప్పుడు లేదు. పులుసులో వేసిందా, తిరిగి ఉప్పు తొట్టిలోనే వేసేసిందా? ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తురాలేదు. స్వామికి మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కటీ ఖాయంగా తెలుసు.

సరిగ్గా అప్పుడే చౌడప్ప గడప దగ్గరికి వచ్చాడు. "తాళి కట్టేసినారమ్మా. నైవేద్యం సిద్ధమేనా?" గోదా సంగతి చెప్పింది. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక్క మెతుకు నాలిక్కి తగిలించమ్మా. ఈడ ఎవురు సూస్తారు?"

"చూసేవాడి కోసమే గదన్నా వండేది."

ఆలస్యమెందుకైందోనని మాధవ్ కూడా వచ్చాడు. సంగతి విన్నాడు. "చిన్న గిన్నెలోకి తీసియ్యి. ముందు అది నివేదన చేస్తాను. ప్రసాదమైపోతుంది గదా, నువ్వు రుచి చూసి మిగిలినదాంట్లో సరిచెయ్యి. శాస్త్రం తప్పదు" అన్నాడు.

తెలివైన మాటే. నిజంగానే శాస్త్రం తప్పదు. పద్మాక్షి చేయి గిన్నె వైపు పోయింది కూడా. పోయి ఆగింది.

"శాస్త్రం తప్పదండీ. కానీ మన అనుమానం తీర్చుకునేదానికి ఆయన నాలుకను వాడుకుంటామా? పెళ్ళినాడు ఆయనకు బాగుందో లేదో తెలియని కూడు పెట్టలేను. మళ్ళీ వండుతా."

"మళ్ళీనా!" చౌడప్ప నెత్తిన చేతులు పెట్టుకుని గడప మీద కూలబడ్డాడు. "ఎంతసేపు పడతాది?"

"పట్టినంతసేపు."

మాధవ్ గుళ్ళోకి పోయి సహస్రనామార్చన మొదలుపెట్టాడు, మేళంవాళ్ళకు గట్టిగా వాయించమని సైగ చేశాడు. గోదా చింతపండు వేడినీళ్ళలో వేసింది. సాయంత్రానికని ఉంచిన బియ్యం మూట పద్మాక్షి విప్పింది. రెండో కొప్పెర పొయ్యికెక్కింది. చేతులు లాగుతున్నాయి, పొగకు కళ్ళు మండుతున్నాయి, బయట జనం గొణుగుడు వినిపిస్తోంది. ఆమె ఎవరి వంకా చూడలేదు. ఇప్పుడు గొంతు తగ్గించుకోలేదు కూడా. "స్వామీ, పసుపు. స్వామీ, నూనె. ఇదో ఉప్పు, నా దోసిలికి రెండు!" గడప మీద నుంచి చౌడప్ప కూడా అందుకున్నాడు. "పడిందమ్మా! నేనూ సూసినా, నేనే సాక్షి!"

తెర వేసి, గంట మోగించి, స్వామికి నివేదన చేశారు. పద్మాక్షి వంటశాల గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి ఆపరేషన్ బాగా జరిగిందని నారాయణ్ ఫోన్ చేశాడు. ఇంకాసేపటికి, దొన్నెలు నాకేసిన జనం మళ్ళీ వరుసలో నిలబడుతున్నారని గోదా పరుగెత్తుకొచ్చి చెప్పింది.

చౌడప్ప ముఖం వెలిగిపోయింది. మూలనున్న మొదటి కొప్పెర మూత తీశాడు. "దీన్ని దేవుడికి పెట్టలేదు గదా. నేను సూడొచ్చునా?" అని పిడికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపి ఆమె వైపు చూశాడు. ఇంకో పిడికెడు తిన్నాడు.

"ఉప్పుండాదమ్మా" అన్నాడు, దాదాపు కోపంగా. "సరింగా ఉండాది. ఇంతకన్నా ఎవురూ వెయ్యలేరు. ఊరికే నడుము ఇరగ్గొట్టుకుంటివి గదమ్మా!"

గోదా ఉసూరుమంటూ కూలబడింది. పద్మాక్షి కళ్ళ నుంచి నీళ్ళు ధారలు కట్టాయి. అలసటకు ఏడుస్తోందని ఇద్దరూ అనుకున్నారు. అలసట కాదు. ఇన్నేళ్ళూ తను మాట్లాడిస్తోంది కాబట్టి ఆయన వంటింట్లో ఉన్నాడనుకుంది. తను నోరు మూస్తే పొయ్యి దగ్గర ఎవరూ ఉండరనుకుంది. ఈ పొద్దు తన మనసు ఆయన్ను వదిలేసి చిత్తూరు పోయింది. ఆ కాస్త సేపూ ఈ చేతులకు తోడున్నదెవరు?

"నేను పిలవకపోయినా ఉండినాడన్నా" అంది. "ఈ మాట తెలిసేదానికి ఇంకో కొప్పెర వండమన్నా వండుతా."

చౌడప్పకు ఏమీ అర్థం కాలేదు. "వచ్చే ఏడు వండుదువులే తల్లీ, ఎవురొద్దన్నారు" అని, ఆ కొప్పెర ముందు మేళంవాళ్ళను కూర్చోబెట్టి, సాయంత్రం నైవేద్యానికి బియ్యం మూట తేవడానికి ఇంటికి పోయాడు.

బియ్యం వచ్చాయి. పద్మాక్షి మూతికి గుడ్డ కట్టుకుని కడిగింది, ఎసరు పెట్టింది, ఉప్పు వేసింది. ఒక్క మాటా మాట్లాడలేదు. గోదాకు దిగులేసింది.

"ఏం వదినా, స్వామికి చెప్పడంలేదే?"

"ఉండాడులే గోదా" అని పద్మాక్షి మంట ఎగదోసింది.