లోకాట్ చెట్టుకు నేను చేసిన వైద్యం

చెట్టును చంపడానికి గొడ్డలే కావాలా? శ్రద్ధగా చూసుకునే అల్లుడు ఒకడుంటే సరిపోతుంది. నమ్మకపోతే నా ఘనకార్యం వినండి. విన్నాక మా బ్యాంకు మీద మాత్రం నమ్మకం పోగొట్టుకోకండి.

కొన్నేళ్ళ కిందట నేను కలకత్తాలో పండ్ల తోటలకు అప్పులిచ్చే అధికారిని. తోట మొహం చూడకుండా, కాగితాలు మాత్రం చూసి, చెట్లు ఎంత ఏపుగా ఉన్నాయో చెప్పగల మహావిద్య నాది. పెళ్ళయ్యాక కాపురం కలకత్తా పక్కనే ఉన్న లిలువాలో, అత్తవారింట్లోనే పెట్టాం. రైల్వే వర్క్‌షాపు ఉద్యోగానికని శ్రీకాకుళం నుంచి వచ్చిన మా మామగారు కట్టి, అత్తగారికి వదిలి కన్నుమూసిన ఇల్లు. పెరట్లో జామ, సపోటా, నిమ్మ, వాటి మధ్య నా భార్య సుజాత పెళ్ళికి ముందు నాటుకున్న లోకాట్. పసుపుపచ్చటి పండు, పుల్లపుల్లగా తియ్యగా ఉంటుందట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే, అప్పటికి ఆ ఇంట్లో ఎవరూ దాన్ని రుచి చూడలేదు.

నేను అడుగుపెట్టిన మొదటి చలికాలం, కొమ్మల చివర గోధుమరంగు బొచ్చు గుత్తులు గుత్తులుగా పుట్టుకొచ్చింది. ముట్టుకుంటే పాత గొంగళిలా ఉంది. ఫోన్లో రెండు వీడియోలు చూసి తీర్పు చెప్పేశాను.

“బూజు తెగులు!”

“మీకెలా తెలుసండీ?” అంది సుజాత.

“తోటల గురించి నన్నే అడుగుతున్నావా?”

పాపం, మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

సబ్బునీళ్ళు, వేపనూనె, పాత టూత్‌బ్రష్ తెచ్చుకుని, పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు కొమ్మకొమ్మనూ తోమాను. తోమినా లొంగని గుత్తుల్ని కత్తిరించి చెత్తలో పారేశాను. మరుసటి చలికాలం తెగులు మరింత విజృంభించింది. నేనూ సెలవు పెట్టి విజృంభించాను.

మూడో చలికాలం అత్తగారికి ఓపిక నశించింది.

“కాయని సెట్టుకి ఇన్ని నీల్లెందుకు బాబూ? కొట్టించీసి, అక్కడ టేంకీ కట్టించీదాం.”

సుజాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నా సేతుల్తో నాటుకున్నానమ్మా. ఈ ఒక్క ఏడూ సూడవే!”

ఎలాగైనా ఆ చెట్టును బతికించాలనుకున్నాను. బజారుకెళ్ళి కొత్త టూత్‌బ్రష్ కొన్నాను.

కూతురి ఏడుపు చూసి అత్తగారు ఒక మెట్టు దిగారు. కొట్టేముందు ఆచారం ప్రకారం ఒకసారి చెట్టును బెదిరిద్దామన్నారు. ఒకరు కత్తి ఎత్తి నరికేస్తామంటారు. ఇంకొకరు అడ్డుపడి, వచ్చే ఏడు కాస్తుంది వదిలేయమని చెట్టు తరఫున బతిమాలుతారు. బతిమాలే పనికి పక్కింటి బెంగాలీ పెద్దాయన మొంటూదాను పిలిచాం. ఏళ్ళ తరబడి మా అత్తగారి కేకలు విని విని ఆయనకు తెలుగు వచ్చేసింది.

ఆదివారం పొద్దున్నే అందరం చెట్టు కింద చేరాం. నేను అప్పుడే తోముడు ముగించి, బ్రష్షుతోనే వచ్చి నిలబడ్డాను. అత్తగారు కత్తి ఎత్తారు.

“ఏటే, కాత్తావా? నరికీమంటావా?”

మొంటూదా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. “నా నా, వద్దు బౌదీ, వద్దు వదినా! వదిలెయ్యండి! వచ్చే ఏడు తప్పకుండా కాస్తుంది, నాదీ పూచీ...” అంటూనే ఆగిపోయి ముక్కు పైకెత్తాడు. “ఆహా! ఎక్కణ్ణించి ఈ సువాసన?”

అందరం తలలెత్తాం. చిటారు కొమ్మన, నా బ్రష్షు అందని ఒకే ఒక్క చోట, ఆ గోధుమరంగు బొచ్చులోంచి తెల్లటి పూలు విచ్చుకుని ఉన్నాయి. తేనెటీగలు ముసురుతున్నాయి. కింది కొమ్మలు మాత్రం కడిగిన గిన్నెల్లా తళతళలాడుతున్నాయి.

సుజాత పూలను చూసింది. నన్ను చూసింది. నా చేతిలో బ్రష్షును చూసింది.

“ఏవండీ, ఇన్నేళ్ళూ మీరు తోమి పారేసింది మొగ్గల్నా?”

“శాస్త్రీయంగా చెప్పాలంటే...” అని మొదలుపెట్టి, బ్రష్షును వీపు వెనక దాచుకున్నాను.

అత్తగారు ఎత్తిన కత్తి దించకుండానే చెట్టు వైపునుంచి నా వైపు తిరిగారు. ఎంత కోపంలోనైనా అల్లుడి మర్యాదకు లోటు చేయని మనిషి.

“ఏటి బాబూగారూ, బాగుపడతారా? నరికీమంటారా?”

ఆచారం ప్రకారం ఇప్పుడు ఎవరో ఒకరు అడ్డుపడాలి కదా! మొంటూదా వైపు చూశాను. ఆయన తేనెటీగల్ని చూస్తున్నాడు. సుజాత వైపు చూశాను. అయ్యా, కట్టుకున్న భార్య, నిలబడి ఆలోచిస్తోంది! నాకు నిజంగానే భయం వేసింది.

చివరికి పెద్దగా నిట్టూర్చింది. “వదిలీయమ్మా. వచ్చే ఏడు కూడా ఇలాగే ఉంటే అప్పుడు సూద్దాం.”

అక్కడికక్కడే ఆ కత్తి సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో మరే చెట్టుకూ వైద్యం చేయను. ఏదైనా తోమాలని చేతులు దురదపెడితే ఇంట్లో అంట్లగిన్నెలు తోముతాను. ఆ రెండో మాట మాత్రం అత్తగారు పక్కన నిలబడి చెప్పించారు.