ఛాలెంజ్ అని అరిచినవాణ్ణి

మనిషిని తయారుచేసేది వాడి ఆలోచనా, వాడు పెరిగిన చోటా అని ఎవరైనా వాదించుకుంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉద్యోగంలో చేరిన ఆ కొత్తరోజుల్లో నన్ను రెండూ కలిసే తయారుచేశాయి. కలిసే చెడగొట్టాయి కూడా. మా ఇంట్లో చెడ్డమాట నోట రాకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని అమ్మ భయం. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. (చిన్నప్పుడు ఆ మాట విని సంబరంగా డబ్బా మూత తీసి, బిక్కమొహం వేసిన వెధవని నేనే.) నాన్న పోయినరోజు కూడా "పోయారు" అని నాతో ఎవరూ అనలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన మామయ్య, "నాన్నకి ఇంక నొప్పి లేదురా" అన్నాడు. నేను ఎగిరి గంతేశాను.

డిగ్రీ అయ్యాక గుంటూరు బ్రాడీపేటలో వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో చేరాను. అక్కడి సారు మా అమ్మని మించిపోయాడు. "ప్రాబ్లమ్ అనే మాటే లేదు! మరేమనాలి?" అని ఆయన చేతులెత్తి అరిస్తే, మేమంతా చేతులెత్తి "ఛాలెంజ్!" అని అరిచేవాళ్ళం. మాట మారితే ఆలోచన మారుతుందట, ఆలోచన మారితే మనిషే మారిపోతాడట. మెస్సులో పప్పులో పురుగు కనిపిస్తే, "ఒరేయ్, పప్పులో ఛాలెంజ్ ఉందిరా" అని రూమ్మేటుకి చూపించేంతగా ముదిరాను. "నీ మొహం! అది పురుగురా!" అని వాడు కంచం తోసేసి వెళ్ళిపోయాడు.

ఆ ముదురు తెలివితోనే చిలకలూరిపేట దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్‌గా చేరాను. మిల్లంతటికీ పెద్దమ్మ అయిన ఒకావిడ అక్కడ పత్తికుప్ప దగ్గర నిలబడి రాళ్ళూ, మేకులూ ఏరేసేది. ఒక్క మేకు మిషన్లోకి పోయినా నిప్పురవ్వ లేస్తుంది మరి. పొద్దస్తమానం నిలబడి ఆవిడ కాళ్ళు బోదకాళ్ళలా వాచిపోయేవి. "అబ్బాయ్, ఒక్క రవ్వ కూర్చోనా?" అనడిగేది. "కాళ్ళు లాగుతున్నాయనుకోకు పెద్దమ్మా, బలం వస్తోందనుకో" అనేవాణ్ణి, అదేదో పెద్ద మందు పోసినట్టు. ఆవిడ నా మొహంకేసి ఓసారి చూసి మళ్ళీ పనిలో పడేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ వెనక, కుప్ప అంచున సన్నగా పొగ లేచింది. నాకే కనపడింది. "నిప్పు" అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పత్తిమిల్లులో నిలబడి ఆ మాటా? తథాస్తంటే? గొంతులో అమ్మ అడ్డం పడింది. అమ్మ తప్పుకునేసరికి సారు తయారయ్యాడు. రెండు చేతులూ పైకెత్తి, మిషన్ల హోరులో గొంతు చించుకుని, "ఛాలెంజ్! పెద్దమ్మా, ఛాలెంజ్!" అని అరిచాను.

పెద్దమ్మ ఇటు తిరిగింది. ఆ మొహం అంతగా విప్పారడం నేనెప్పుడూ చూడలేదు. నాకు దణ్ణం పెట్టి, హమ్మయ్య అన్నట్టు పత్తిలో కూలబడి కాళ్ళు చాపుకుంది. వెనక భగ్గుమంది. ముఠా మేస్త్రి "నిప్పు! నిప్పురోయ్!" అని పొలికేక పెడితేగానీ మిషన్లు ఆగలేదు. ఆవిడని బయటికి లాగింది కూడా అతనే. అప్పటికే కుడిచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది. నేను చేతులు ఇంకా ఎత్తే ఉన్నానట. "దించరా, నీ ఛాలెంజ్ తగలెయ్య!" అని మేస్త్రి అరిస్తే దించాను.

ఆ చెయ్యి ఇంక పనికి రాదని డాక్టరుగారు చెప్పేశారు. మంచం పక్కన నిలబడి, "అంత పిలుస్తుంటే ఎందుకు కూర్చున్నావు పెద్దమ్మా?" అని ఏడుపుగొంతుతో అడిగాను.

"నువ్వే కదయ్యా కూర్చోమన్నావు! చేతులెత్తి మరీ 'చాలింక పెద్దమ్మా, చాలింక' అన్నావు. ఇన్నేళ్ళలో ఆ మిల్లులో నన్ను చాలింక అన్నవాళ్ళు లేరు. ఎంత మంచోడివో అనుకున్నా" అంది.

సిగ్గులేని నవ్వొకటి తన్నుకొచ్చింది నాకు, ఏడుపుతో కలిసి. ఆవిడా నవ్వబోయింది. చెయ్యి కదిలి "అమ్మా" అంది. తరవాత మిల్లువాళ్ళు ఆవిణ్ణి మళ్ళీ పనిలోకి పిలవలేదు.

ఇప్పుడు నేను వేరే మిల్లులో ఉన్నాను. కొత్తగా చేరినవాళ్ళ చేత మొదటిరోజే "నిప్పు" అని గట్టిగా అరిపిస్తాను. (అమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పలేదు.) వీలున్నప్పుడల్లా పెద్దమ్మ ఇంటికి వెళ్తాను. ఎలా ఉన్నావంటే, "బాగాలేదయ్యా. కోడలు అన్నం కలిపి పెడితేగానీ ముద్ద దిగదు" అంటుంది. "ఏం కాదులే, అంతా మంచికే" అన్న మాట ఇప్పటికీ నా నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, "అవును పెద్దమ్మా, బాగాలేదు" అంటాను. అప్పుడావిడ కాస్త పక్కకి జరిగి నాకు మంచమ్మీద చోటిస్తుంది. అలా కూర్చుని, ఇస్త్రీచొక్కా వేసుకుని చేతులెత్తి నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎవరి మాట అరుస్తున్నాడో కూడా తెలియదు పాపం వాడికి.