మూడు నిమిషాల డాక్టరమ్మ

ఆ రోజుల్లో నా స్పీడంటే నాకు మహా గర్వం. గుంటూరు వైపు ఓపీల్లో గేటు దాకా లైను చూసి పెరిగిన డాక్టర్ని మరి! "నాలుక చాపమ్మా, ఊపిరి పీల్చు, ఆ, నెక్స్ట్!" అంతే, మూడు నిమిషాలు. అలాంటిదాన్ని ఆస్ట్రేలియాలో, టూవూంబా నగరానికి రెండు గంటల దూరంలో, ఏళ్ల తరబడి ఒక్క ముసలి డాక్టరుతో నెట్టుకొస్తున్న ఊరికి ఫ్యామిలీ డాక్టర్ ట్రైనింగ్‌కి పంపారు. ఆ ముసలాయనే నా గురువు. (పేరు పెట్టి పిలవమని ఎంత మొత్తుకున్నా నా నోటికి 'సార్' తప్ప రాలేదు.) ఆయన రిపోర్టు బాగుంటేనే నేను గట్టెక్కేది. ఇక్కడ మనిషికి పదిహేను నిమిషాలట. మా పెళ్లిచూపులే అంతసేపు జరగలేదు!

మొదటి సోమవారం పదిన్నరకల్లా పేషెంట్ల లిస్టంతా ఊడ్చేసి, "సార్, అందరూ అయిపోయారు!" అన్నాను ఛాతీ విరుచుకుని. ఆయన వేలు ఒక పేరు దగ్గర ఆగింది. "ఈ రైతు ఎందుకొచ్చాడు?"

"బీపీ మాత్రలకి సార్. రాసిచ్చేశా."

"మాత్రలకైతే ఫోన్ చేస్తాడు. గంటన్నర డ్రైవ్ చేసి రాడు. వెళ్లి పట్టుకురా."

స్టెతస్కోపు ఎగురుతుంటే కార్‌పార్క్‌కి పరిగెత్తాను. దేవుడి దయ, ఆ రైతు పెద్దాయన తన యూట్‌లోనే (వెనక సామాను వేసుకునే చిన్న ట్రక్కు లెండి) ఉన్నాడు, తాళం చేతిలో పట్టుకుని, బండి తీయకుండా. బతిమాలి లోపలికి తీసుకొచ్చాను. సార్ ఆర్డరు: టీ ఇవ్వు, పెన్ను ముట్టకు, ఏమీ అడగకు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పెద్దాయన తన కుక్క గురించి చెప్పాడు, రాని వాన గురించి చెప్పాడు. నా కళ్లేమో గోడ గడియారం మీదే. పదకొండో నిమిషంలో, కప్పులోకి చూస్తూ, "ఈ మధ్య కంచె కర్రలు ఎత్తితే ఛాతీ మీద దూడ కూర్చున్నట్టుంటోంది. పెద్ద విషయమేం కాదులే" అన్నాడు. అయ్య బాబోయ్! నేను లేచిన విసురుకి టీ అంతా టేబుల్ మీదే. ఈసీజీ చూశాక అంబులెన్సులో టూవూంబాకి పంపించేశాం.

నెల తర్వాత గుండెలో స్టెంట్ వేయించుకుని, చంకలో గుమ్మడికాయతో వచ్చాడు. వారం రోజులు ఇంట్లో గుమ్మడికాయ పులుసే. సార్ నా రిపోర్టులో ఏం రాశారంటే, "పరిగెత్తడం వచ్చు. కూర్చోవడం నేర్చుకుంటోంది."

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. లిస్టు ఎప్పటికీ తెమలని డాక్టర్ని నేనే. రిసెప్షన్ అమ్మాయి రోజూ సాయంత్రం ఆరయ్యేసరికి తల పట్టుకుంటుంది. మొన్న వరంగల్ నుంచి వచ్చిన కొత్త ట్రైనీ పదిన్నరకే నా గదిలోకొచ్చి, "మేడమ్, అందరూ అయిపోయారు!" అంది, మొహం వెలిగిపోతూ. ఆ మొహం నాకు బాగా తెలుసు. తిట్టబుద్ధి కాలేదు, నవ్వొచ్చింది. ముందు లేచి కిటికీలోంచి కార్‌పార్క్ వైపు చూశాను, ఎవరైనా బండి తీయకుండా కూర్చున్నారేమోనని.