మిలిట్రీ కాగితంలో మాయమ్మి

మా నాయనను మా అమ్మ కొట్టడం నా జన్మలో ఒక్కసారే చూశాను. సంగటి కెలికే తెడ్డుతో కొట్టింది. కనుబొమ చీలి నెత్తురు చెంప మీదికి కారింది. రెండు యుద్ధాలు చూసి, ఒంటి మీద గీత పడకుండా తిరిగొచ్చిన మనిషి తెడ్డు దెబ్బకు పొయ్యి పక్కన కూలబడ్డాడు.

దెబ్బకు కారణం నేను చదివి వినిపించిన కాగితం. అప్పుడు నేను నంద్యాలలో టీచరు ట్రైనింగు చేస్తున్నాను. మండలాలు కొత్తగా వచ్చిన రోజులు. సెలవుకు ఆళ్లగడ్డ దగ్గర మా ఊరికి వస్తే, మిలిట్రీ రికార్డు ఆఫీసు నుంచి నాయనకు వచ్చిన ఇంగ్లీషు కాగితం నా చేతికిచ్చారు. నాయన పెన్షన్ తీసుకునే మాజీ సిపాయి. ఆయన పోతే ఆ పెన్షన్ ఎవరికి చేరాలో అందులో రాసి ఉంది. భార్య పేరు మాయమ్మి అని ఉంది. మా అమ్మ పేరు అది కాదు. దానికి దగ్గర్లో కూడా లేదు.

"ఎవరప్పా ఆ మాయమ్మి?" అంది అమ్మ. "యాడ పెట్టినావ్ దాన్ని? పంజాబులోనా?"

నాయన నోరు తెరిచేలోపే తెడ్డు లేచింది.

నెత్తురు కడుక్కుని వచ్చాక అసలు సంగతి చెప్పాడు. పెళ్లి చేసుకుని తిరిగి పటాలానికి పోయినప్పుడు, అక్కడి పంజాబీ గుమాస్తా భార్య పేరేమిటని అడిగాడట. మా ఇళ్లల్లో మొగుడూ పెళ్లాం ఒకరి పేరు ఒకరు పలకరు. పలికితే ఎదుటి మనిషి ఆయుష్షు తరుగుతుందని నమ్మకం. మేము మూడు తరాల కిరస్తానీ వాళ్లం, ఆదివారం చర్చి తప్పినవాళ్లం కాదు. అయినా ఈ పట్టింపును ఏ పాస్టరయ్యా మాన్పించలేకపోయాడు. నాయన ఎప్పుడూ అమ్మను "అమ్మీ" అనే పిలిచేవాడు, మా వైపు ఆడపిల్లలను పిలిచినట్టు. గుమాస్తాకూ అదే చెప్పాడు, "మా యమ్మి" అని. తెలుగు రాని ఆయన దాన్ని ఒకటే మాట చేసి పుస్తకంలోకి ఎక్కించి ముద్ర కొట్టాడు.

ఇది విని అమ్మ నవ్విందనుకుంటారేమో. నవ్వలేదు. "నా పేరు సెప్పేకి నీ నోట్లో ఏం పడిందప్పా, మన్నా?" అంది. ఆ రోజంతా ఆయనకు ముద్ద పెట్టలేదు.

ఆ కాగితం ఆయన ఊరికే తెప్పించుకోలేదు. తనను చంపుతారని ఆయనకు తెలుసు. మా ఊరు రెండు పార్టీలు. గడ్డివాముల్లో బాంబులు దాచేవాళ్లు. ఎవరిదో బర్రె ఒకటి వామిలో మూతి పెట్టి తలకాయ లేకుండా పడిపోతే, బర్రె పోయిందని ఏడ్చారు గానీ అక్కడ బాంబెందుకుందని ఎవరూ అడగలేదు. అదీ మా ఊరు. ఒక పార్టీ పెద్దాయన నాయనను ఇంటికి పిలిపించి, "మిలిట్రీవోనివి, మా పిల్లోల్లకు బాంబులు సుట్టేది నేర్పిచ్చు" అన్నాడు. నాయన నేర్పనని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పి వచ్చేశాడు. కానీ ఆయన ఆ గడప లోపలికి పోవడం రెండో పార్టీవాళ్లు చూశారు. లోపల ఏమన్నాడో వాళ్లకెందుకు? కొన్నాళ్లకే ఆ పెద్దాయన మనుషులు వేసిన బాంబుకు రెండో పార్టీలో ఒకడి చేతులు మోచేతుల దాకా పోయాయి. నేర్పింది మిలిట్రీవోడే అన్నారు. వేటకొడవళ్లు నూరుతున్నారని మాకు కబురు వచ్చింది.

"నేను పోతే నీకు ముద్ద పుట్టేది ఆ కాగితంతోనే అమ్మీ. నేనుండంగానే నీ పేరు దాంట్లో ఎక్కాల" అన్నాడు నాయన. ఆయనకున్న భయమంతా అదొక్కటే.

పేరు దిద్దమని అర్జీ పెడితే, అక్షరం తప్పు పడి ఉంటే దిద్దేవాళ్లం, ఇది వేరే పేరే కదా అని రికార్డు ఆఫీసు వాళ్లు రాశారు. ఆయనకు ఇద్దరు భార్యలు లేరని ఎలా నమ్మడం? భార్యాభర్తలిద్దరూ పోయి నంద్యాలలో ఉన్న అధికారి ముందు ప్రమాణం చేయాలన్నారు. ముగ్గురం నంద్యాలకు పోయాం.

ఆఫీసరు నాయనను నిలబెట్టి, "నీ భార్య పేరు చెప్పు" అన్నాడు.

"అర్జీలో రాసుండాది సార్."

"చదవడం నాకూ వచ్చులే. రేపు ఇంకో ఆవిడ వచ్చి మాయమ్మిని నేనే అంటే? ప్రమాణం చేసి నోటితో చెప్పు."

నాయన మెడ నరాలు ఉబ్బాయి. "సెప్తాండా గదా సార్, ఇదో ఈ యమ్మే" అని అమ్మ వైపు వేలు చూపించాడు. ఆఫీసరు పెన్నుకు మూత పెట్టేశాడు. వచ్చే వారం బుద్ధి తెచ్చుకుని రమ్మన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. గుండ్లు కురుస్తుంటే సరిహద్దులో నిలబడిన మనిషికి, కట్టుకున్నదాని పేరు పలకడానికి గొంతు పెగలదా? బస్సులో ఆయన మొహం చూడలేదు నేను. వింతేమిటంటే అమ్మకు కోపం రాలేదు. "వచ్చే వారం సెప్తువులేప్పా" అంది.

"నీ ఆయుస్సు యాడ తరుగుతాదో అని" అన్నాడు నాయన, కిటికీ బయటికి చూస్తూ.

"తరిగితే నాది గదా తరిగేది" అంది అమ్మ.

ఆళ్లగడ్డ బస్టాండులో దిగాం. ఇంకా ఎండగానే ఉంది, బంకుల ముందు జనం ఉన్నారు. నాయన ముందు నడుస్తున్నాడు. మొదటి బాంబు బస్సు వెనక చక్రం దగ్గర పేలింది. కళ్లు మండే పొగ, మందు వాసన, ఎవరిదో చెప్పు గాల్లోకి లేచి నా కాళ్ల దగ్గర పడింది. ఆ పొగలోంచి కొడవళ్లతో వచ్చారు. మొహాలకు గుడ్డ కూడా కట్టుకోలేదు. మొదటి వేటు నాయన భుజం మీద పడింది. పారిపోవలసింది పోయి అమ్మ ఆయన వైపే పరుగెత్తింది. ఒకడు ఆమె మీదికి తిరిగాడు.

అప్పుడు పిలిచాడు నాయన. పేరు పెట్టి పిలిచాడు. మా అమ్మ అసలు పేరు, పూర్తిగా, పరేడు గ్రౌండులో కేక వేసినట్టు పిలిచి పారిపొమ్మన్నాడు. బస్టాండు మొత్తం విన్నది. మళ్లీ పిలిచాడు. ఇంకోసారి నోరు తెరిచేసరికి గొంతు మీద వేటు పడింది.

ఆ పిలుపుకు అమ్మ ఉన్నచోటనే నిలబడిపోయింది. నేను ఆమె నడుము పట్టుకుని సోడా బంకులోకి ఈడ్చాను. బంకాయన మమ్మల్ని బల్ల కిందికి తోసి అడ్డం నిలబడ్డాడు. ఆయన కాళ్ల సందుల్లోంచి చూశాం. నరికారు. ప్రాణం పోయాక కూడా నరికారు. పని అయ్యాక కొడవళ్లు నాయన పంచెకు తుడుచుకుని జీపెక్కారు, నా కొడుకులు. ఇన్నేళ్లయినా ఆ తిట్టు లేకుండా ఆ రోజు గురించి రాయడం నా చేత కాదు.

సమాధి చేశాక మళ్లీ నంద్యాలకు పోయాం. మనిషే లేడు కాబట్టి ఇక ప్రమాణం కుదరదన్నాడు ఆఫీసరు. అమ్మను అసలు పేరుతో పిలుస్తుండగా ఆయన నోటి నుంచి విన్నవాళ్లు ఇద్దరు, బంధువులు కానివాళ్లు, వచ్చి చెబితే చాలన్నాడు.

"బస్టాండు నిండా ఉన్నారు సార్" అన్నాను.

సోడా బంకాయన దగ్గరికే మొదట పోయాం. మమ్మల్ని కాపాడినవాడు గదా. "ఆ పొద్దు నేను బంకే తీల్యా తల్లీ" అన్నాడు, నేల చూస్తూ. పండ్లు అమ్మే ఆమె ఆ రోజు చాగలమర్రికి పోయిందట. కండక్టరుకు ఆ రోజు డ్యూటీయే లేదట. అందరూ తేలు కుట్టిన దొంగలే. పేరు విన్నానంటే అక్కడ ఉన్నట్టు ఒప్పుకోవడం. అక్కడ ఉంటే కొడవలి పట్టినవాడి మొహం చూసినట్టే. మా అమ్మ పేరుకు సాక్ష్యం చెప్పేవాడు హత్యకూ సాక్ష్యం చెప్పాలి.

నేను బంకాయన మీద అరిచాను. గోలీసోడా సీసాలు తీసి ఆయన ముందే నేలకేసి పగలగొట్టాను. అమ్మ నా చెంప పగలగొట్టి, "ఆయప్పకూ పిల్లోల్లుండారు" అని నన్ను బయటికి లాక్కొచ్చింది.

అక్కడి నుంచి నేరుగా మండలాఫీసుకు నడిచింది. "కాగితంలో పేరు మార్సేకి కాకుంటే, నా పేరే మార్సుకోవచ్చునా సార్?" అని అడిగింది. గుమాస్తా ఆమెను ఎగాదిగా చూశాడు. మార్చుకోవచ్చన్నాడు. రేషన్ కార్డులో, ఓటర్ల లిస్టులో ఎక్కిస్తే ఆఫీసు వాళ్లే ధ్రువపత్రం ఇస్తారు, దానికి ఎవరూ ఏమీ విని ఉండక్కర్లేదన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ఆఫీసులోనే, అందరి ముందూ అమ్మ చేయి పట్టుకుని గుంజాను. ప్రాణం పోతా పోతా ఆయన పిలిచిన పేరమ్మా, దాన్ని నీ చేతులతో కొట్టేయిస్తావా అని ఏడ్చాను.

అమ్మ నా చేయి విడిపించుకుంది. "పిల్సేటోడు పిల్సినాడు. ఇంగ ఆ పేరుతో నన్ను ఇంకెవురూ పిల్సాల్సిన పనిల్యా" అని, గుమాస్తా ముందున్న సిరా డబ్బీలో బొటనవేలు అద్ది, పేరు మార్పు అర్జీలో మాయమ్మి అని రాసిన చోట గట్టిగా ఒత్తింది.