హుఫూఫ్ నుంచి రియాద్‌కు, అమ్మ పక్క పెట్టెలో

సెమిస్టర్ సెలవుల్లో ముగ్గురం కలిసి ఆ రైలెక్కాం. మిగతా ఇద్దరూ ఊళ్లు చూడటానికి ఎక్కారు, నేను మా అమ్మను చూడటానికి ఎక్కాను. ఊళ్ల సంగతి వాళ్లయితే బాగా చెబుతారు. నాలాగే తల్లి ఒక ఇంట్లో, తాను ఒక హాస్టల్లో ఉండి ఒకే దేశంలో రోజులు లెక్కపెట్టుకునేవాళ్లు ఇంకా ఉంటారు కదా, వాళ్ల కోసం నా వంతు రాస్తున్నాను.

మాది కడప జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది అమ్మ సౌదీ వెళ్లింది. అప్పుడు నాకు పదమూడేళ్లు. హుఫూఫ్‌లో ఒక ఇంట్లో వంట, పిల్లల పని. పదేళ్లలో రెండుసార్లే ఇంటికి వచ్చింది. నేను ఇంజనీరింగ్ ముగించి దమ్మాం దగ్గర ఒక యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ మీద చేరాను. చదువుకోవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా అని తోటివాళ్లు నవ్వారు. దొరికింది. కానీ అక్కణ్ణుంచి హుఫూఫ్ రెండు గంటల దూరమని పటంలో చూసుకుని ఇదే కావాలనుకున్నాను.

వచ్చి పద్నాలుగు నెలలైనా అమ్మను ఒక్కసారీ చూడలేదు. పరాయి మగవాడు ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడకూడదు, అమ్మ ఒంటరిగా వీధిలోకి రాకూడదు. నా ఉత్తరాలు మా ఊరి డ్రైవర్ ఒకాయన చేతికిస్తే ఆయన వాటిని అమ్మకు అందించేవాడు. కొడుకు ఇక్కడే ఉన్నాడని ఆ ఇంటి మేడమ్‌కు చెప్పమ్మా అని ఫోన్లో అంటే, "అది మాత్రం వద్దు నాయనా" అని మాట మార్చేది. ఎందుకని నేను గట్టిగా అడగలేదు.

సెలవులకు వారం ముందు హాస్టల్‌కు ఫోన్ చేసింది. "బుధవారం పొద్దున బండికి మా ముసలామె రియాద్ పోతాంది నాయనా. నన్నూ తోడకపోతాంది. నువ్వూ ఆ బండే ఎక్కు, దూరంగా అన్నా సూస్తాను" అని పెట్టేసింది.

నా పక్క గది గంగాధర్‌ది నిజామాబాద్. వాళ్లన్న అల్ ఖర్జ్‌లో పాల ఫారంలో పనిచేస్తాడు. ఎదురు గది నదీమ్‌ది ముల్తాన్, అరబీ బాగా వచ్చు. విషయం చెబితే ఇద్దరూ వస్తామన్నారు. రైల్లో రియాద్, అక్కణ్ణుంచి అల్ ఖర్జ్, శుక్రవారం బస్సులో వెనక్కి అని అనుకున్నాం. నివాస అనుమతి కార్డు ఇఖామా ఇచ్చిన ఊరు దాటాలంటే అప్పట్లో కఫీల్ ఉత్తరం, అంటే మనకు పూచీపడ్డ యజమాని ఉత్తరం, కావాలి. మా కఫీల్ యూనివర్సిటీయే. ఆ ఉత్తరం మీద ముద్ర వేయించుకోవడానికి రెండు రోజులు పట్టింది. పాస్‌పోర్టులు కూడా ఆఫీసులోనే ఉంటాయి. గుమాస్తాను బతిమాలి నా పాస్‌పోర్టు చివరి పేజీ జిరాక్స్ తీయించుకున్నాను. అందులో తల్లి పేరు లక్ష్మీదేవి అని అచ్చేసి ఉంటుంది. ఎవరైనా ఆమె నీకేమవుతుందని అడిగితే చూపిద్దామని దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను. చాలా తెలివైన పని చేశానని నా నమ్మకం.

బుధవారం ఏడున్నరకు దమ్మాం స్టేషన్ చేరాం. చలి, పైగా దుమ్ము. బండి ఎనిమిదింటికి కదిలింది. ఈ రైళ్లలో కుటుంబాలకు వేరే పెట్టెలు, ఒంటరి మగవాళ్లకు వేరే పెట్టెలు. రెంటికీ మధ్య ఒక గాజు తలుపు ఉంటుంది. ఆ తలుపు పక్క సీట్లు అడిగి తీసుకున్నాం. వెళ్లేవాళ్లెవరైనా అక్కడే తీసుకోండి.

మా ఎదుట జగిత్యాల మేస్త్రీ ఒకాయన కూర్చున్నాడు. యుద్ధానికి ముందు నుంచీ ఇక్కడే ఉన్నాడట. సైరన్ మోగినప్పుడల్లా మంచం కింద దూరేవాళ్లమని చెప్పాడు. "ఇగ సాలు తమ్మీ, ఫైనల్ ఎగ్జిట్ మీద పోతున్న. ఇంటికి వొయినంక పిల్లలు నన్ను గుర్తువడ్తరో లేదో" అని ఫ్లాస్కులోంచి మాకూ టీ పోశాడు. అది చల్లారిపోయి ఉంది, అయినా తాగాం.

తొమ్మిదీ ముప్పావుకు హుఫూఫ్ వచ్చింది. ప్లాట్‌ఫారం మీద నల్లటి అబాయాల్లో ఆడవాళ్లు పది పదిహేనుమంది ఉంటారు. వాళ్లలో సంచీ మోస్తూ ఎడమకు వాలి నడుస్తున్నది మా అమ్మ. ముందు ముసలి మేడమ్, అమ్మ చంకలో ఆ ఇంటి నాలుగేళ్ల పిల్లవాడు. వాళ్లు పక్క పెట్టెలో మూడో వరసలో కూర్చున్నారు. గాజులోంచి అమ్మ చెంప కనిపించింది. కాసేపటికి తిరిగి నన్ను చూసింది. చూసి, ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ముఖం బాగా నల్లబడింది. పిల్లవాడికి ఖర్జూరం గింజ తీసి పెడుతూ మధ్యమధ్య నావైపు చూస్తూనే ఉంది.

ఇరవై నిమిషాల తర్వాత టికెట్లు చూసే ఆయన వచ్చాడు. కుర్రవాడే, మంచివాడిలాగే కనిపించాడు. నాకు ఆశ పుట్టింది. పక్క పెట్టెలో మా అమ్మ ఉంది, పది నిమిషాలు ఆమె దగ్గర కూర్చోనిస్తారా అని నదీమ్ చేత అడిగించాను, ఆ జిరాక్స్ తీసిచ్చాను. "తల్లా? ముందే చెప్పొద్దూ!" అన్నట్టు అరబీలో ఏదో అని, నా భుజం తట్టి, కాగితం పట్టుకుని లోపలికి వెళ్లాడు.

గాజులోంచి అంతా చూస్తున్నాను. అతను వంగి ముసలామెతో మాట్లాడాడు. ఆమె చేతిసంచీలోంచి అమ్మ ఇఖామా తీసిచ్చింది. అతను దాన్ని చూశాడు, నా కాగితం చూశాడు, మళ్లీ ఇఖామా చూశాడు. బయటికి వచ్చేసరికి అతని ముఖం మారిపోయింది. నదీమ్ గొంతు తగ్గించి నాకు చెప్పాడు. "ఇఖామా మే నామ్ రమణమ్మ హై. కహతా హై తుమ్ ఝూట్ బోల్ రహే హో."

ఇఖామాలో పేరు రమణమ్మ అని ఉండేసరికి, ఆడవాళ్లున్న పెట్టెలోకి దూరడానికి తల్లి అని అబద్ధమాడానని అతను అనుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని గాజు తలుపు తెరిచి, అమ్మ ముందు నిలబెట్టి, ఈ అబ్బాయి నీకేమవుతాడని అడిగాడు. పెట్టె అంతా మావైపే చూస్తోంది. అమ్మకూ నాకూ మధ్య బారెడు దూరం కూడా లేదు. నాలుగేళ్ల తర్వాత అంత దగ్గరగా అదే చూడటం.

అమ్మ నా ముఖం చూసింది, అతని చేతిలోని కాగితం చూసింది. తర్వాత అరబీలో నిదానంగా, ఎక్కడా తడబడకుండా చెప్పింది. తలుపు దగ్గర నిలబడ్డ నదీమ్ చెవిలో చెప్పాడు. "కహతీ హై, పడోసన్ కా బేటా హై. ఇస్ కీ మా కో జాన్తీ హై, అచ్ఛీ ఔరత్ హై."

నేను పొరుగింటామె కొడుకునట. మా అమ్మ ఆమెకు తెలుసట, మంచి మనిషట.

సగం అప్పుడే అర్థమైంది. మిగతాది తర్వాత మా మేనమామ చెప్పాడు. అమ్మ వెళ్లిన ఏడాది వీసా రమణమ్మ అనే ఆమె పేరున వచ్చింది, ఆమె చివర్లో భయపడి మానుకుంది. ఏజెంటు అదే పేరుతో అమ్మకు పాస్‌పోర్టు చేయించాడు. పదేళ్లుగా అమ్మ ఆ పేరుకే పలుకుతోంది. నేను కొడుకునే అని ఇంకొక్క మాట పట్టుబట్టి ఉంటే, అమ్మ ఆ రోజు పోలీసుల చేతిలో పడేది. తల వంచుకున్నాను. ఈమె మొహం చూసి వదిలేస్తున్నా, మళ్లీ లేస్తే రియాద్‌లో పోలీసులకు అప్పగిస్తా అని అతను కాగితం నా చేతిలో పెట్టి, గాజు తలుపుకు తెర లాగేశాడు.

పదిన్నర కూడా కాలేదు. రియాద్ ఇంకా రెండు గంటలకు పైనే ఉంది. కిటికీలో ఇసుక తప్ప ఏమీ లేదు. గంగాధర్ నా వీపు మీద చెయ్యి వేసి, "ఊకో రా సీనా. నువ్వు అమ్మను జూసినవ్, అమ్మ నిన్ను జూసింది. గిది గూడ దొరకనోళ్లు మన దిక్కు ఎంతమంది లేరు" అన్నాడు. మేస్త్రీ ఇంకో కప్పు టీ పోసి పక్కన పెట్టాడు. నేను ముట్టుకోలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందు రియాద్‌లో దిగాం. ప్లాట్‌ఫారం మీద ముసలి మేడమ్ మా ముందునుంచే వెళ్తూ ఆగింది. అటు తిరిగి చేతిసంచీలో కళ్లజోడు వెతకడం మొదలుపెట్టింది. కళ్లజోడు ఆమె ముక్కు మీదే ఉంది. ఆమెకు ఏం తెలిసిందో నేను చెప్పలేను. అమ్మ నావైపు చూడలేదు. చంకలోని పిల్లవాడి ముఖం చూస్తూ, వాడితోనే అన్నట్టు తెలుగులో మాట్లాడింది.

"ఏం నాయనా, ఇంత చిక్కిపోయినావు? వేళకు తింటాండావా?"

"తింటాండా మా" అన్నాడు ఆ పిల్లవాడు.

అచ్చం మా ఊరి యాస. వాడికి మాటలు నేర్పింది మా అమ్మే మరి.

"అమ్మ మీద కోపం పెట్టుకోగాకు నాయనా."

"కోపం ల్యా మా" అని వాడు అమ్మ మెడ పట్టుకున్నాడు.

నేను చెప్పవలసిన రెండు జవాబులూ వాడే చెప్పేశాడు. కళ్లజోడు దొరికినట్టుంది, మేడమ్ నడక సాగించింది. వాళ్లు కార్ల వైపు వెళ్లిపోయారు.

తర్వాత రియాద్‌లోనే బత్హా అనే పేటలో ఒక లాడ్జిలో ముగ్గురం ఒకే గదిలో పడుకున్నాం. గురువారం అల్ ఖర్జ్‌లో గంగాధర్ వాళ్లన్న మాకు మజ్జిగ పోసి, ఎడారిలో రేకుల షెడ్ల కింద వందల ఆవుల్ని చూపించాడు. అవి కళకళలాడుతున్నాయి, ఆయనే చిక్కిపోయి ఉన్నాడు. శుక్రవారం మూడింటికి బస్సెక్కాం. పొద్దుగూకాక హుఫూఫ్ దీపాలు కనిపించినప్పుడు నదీమ్, పిల్లవాడితో మీ అమ్మ ఏమన్నదని అడిగాడు. తిన్నావా అని అడిగిందన్నాను.

వెళ్లేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఆ తలుపు పక్కన కూర్చోండి, చూడండి, అంతే. ఎవరికీ ఏ కాగితమూ చూపించకండి. ఆ రోజు మా అమ్మను మూడు గంటలు చూసుకునే వీలు నాకుండింది. నేను ఇరవై నిమిషాలే చూశాను.