నాయనకు నేను తెచ్చిచ్చిన మాత్రలు

హిందూపురంలో నర్సింగ్ విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. మా నాయన ధర్మవరంలో గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. వారానికోసారి రైల్లో ఆయన దగ్గరికి వెళ్తూ, పెనుకొండ వచ్చేలోపు జవాబుపత్రాలు దిద్దేసి, మిగతా దారంతా కునికేదాన్ని. సంచిలో ఆయన నడుంనొప్పికి మాత్రలుండేవి. డాక్టరు చీటీ లేకుండా నేనే కొనేదాన్ని.

"ఇవి ఏసుకుంటేనే కూచునేకి అయితాది పాపా," అనేవాడు.

మగ్గం గుంతలోకి దిగితే నాయన నీళ్లు ముట్టేవాడు కాదు, నడివేసవిలో కూడా. మా వీధిలో పాత నేతగాళ్లందరిదీ అదే తీరు. ఒకసారి నేను పక్కన చెంబుతో నీళ్లు పెడితే విసుక్కున్నాడు.

"తాగితే ఒంటికి లేయాల. లేస్తే చెయ్యి తప్పుతాది. అంచు కాడ నేతలో తేడా తెలిసిపోతాది."

మొండిమనిషితో వాదనెందుకని ఊరుకున్నాను.

ఆ ఎండల్లో ఒకరోజు మగ్గం మీదే వాలిపోయాడు. అప్పటికే రెండు రోజులుగా మూత్రం సరిగా రావడం లేదట. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. తేరుకుంటాయా, డయాలసిస్ తప్పదా అన్నది కొన్ని రోజులైతేగానీ చెప్పలేమన్నారు. మాత్రలు ఆపించి సెలైన్ ఎక్కించారు.

నాకెవరూ వివరించనక్కర్లేదు. ఒంట్లో నీరు తగ్గితే, రక్తపోటు పడిపోకుండా హార్మోన్లు రక్తనాళాలను బిగిస్తాయి. ఆ బిగింపులో రక్తం అందకుండా పోతుందని, మూత్రపిండం తనలోనే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తయారుచేసుకుని, తనకు రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచుకుంటుంది. నొప్పి మాత్ర ఆ రసాయనాలనే తయారుకానివ్వదు. ఒంట్లో నీరున్నవాడికి పెద్దగా తేడా తెలియకపోవచ్చు. నాయనలా ఎండినవాడికి ఉన్న ఒక్క ఆసరా పోతుంది. మా పరీక్షలో ఇది ఐదు మార్కుల ప్రశ్న. రైల్లో దిద్దిన పత్రాల్లో ఎన్నిసార్లు సరిచేశానో. పక్కనే ఉన్న సంచి మీదికి మాత్రం నా బుద్ధి పోలేదు.

నాలుగో రోజుకు మూత్రం దారికొచ్చింది. ఇంటికి పంపుతూ డాక్టరు ఖాళీ మాత్రల అట్ట చూపించి, "ఇవి ఎవరిచ్చారు?" అని గద్దించాడు.

నేను నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు. "అంగట్లో నేనే తెచ్చుకున్యా సార్. సదువు రానోణ్ణి."

చేర్చిన రోజే నా ఉద్యోగం అడిగి తెలుసుకున్న డాక్టరు నావైపు తిరిగాడు. "మీరు చెప్పేది ఈ సబ్జెక్టే కదమ్మా. ఇంట్లో కూడా కాస్త చెప్పొద్దూ?"

సిగ్గుతో చచ్చిపోయాను. చెప్తాను సార్ అని, నాయన చెప్పులు తీసుకొచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను.