నడుం కట్టుకోమన్న ఉత్తరం

అరకు కొండల మీది మిషన్ బడికి పంతులుగా వెళ్ళేనాటికి నాకు ఇరవై ఏళ్ళు. పిల్లలు వాళ్ళలో వాళ్ళు కొండ భాషలో మాట్లాడుకునేవారు. నాతో తెలుగులో నాలుగు మాటలాడేది పక్క గుడిసె ముసలమ్మ ఒక్కతే. బడి అయ్యాక ఏమీ తోచక ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని రోజుకో మాట నేర్చుకునేవాణ్ణి.

వానలు వెలిసిన కొత్తలో మా ఊరు పార్వతీపురం నుంచి, మిషన్ బళ్ళు చూసుకునే దొరసాని ఉత్తరం వచ్చింది. ఆమెకు తెలుగు మాట్లాడడమే గాని రాయడం రాదు. ఇంగ్లీషులో రెండే ముక్కలు. "గర్డ్ యువర్‌సెల్ఫ్" అని, తక్కిన సంగతి మళ్ళీ రాస్తానని.

గర్డ్ అంటే చుట్టూ కట్టుట, నడుము బిగించుట, పనికి సిద్ధపడుట అని నిఘంటువులో ఉంది. బడి తనిఖీకి వస్తోంది కాబోలు అనుకున్నాను. మనవాళ్ళ మొహం చూడొచ్చని సంతోషం కూడా వేసింది. నాలుగు రోజులు గోడలకు ఎర్రమట్టి పూశాను, కప్పు మీద గడ్డి సర్దాను, పిల్లల చేత పాటలు వల్లె వేయించాను.

ఐదో రోజు పొద్దున్నే ముసలమ్మ వచ్చి గుమ్మంలో కూచుంది.

"ఏటి పంతులూ, ఇంత పని సేత్తన్నావు?"

నడుం కట్టుకోమని దొరసాని రాసిందని చెప్పాను.

ముసలమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. "ఇంటికాడ ఎవులున్నారు నీకు?"

"అమ్మ ఒక్కతే, మామ్మా."

"సావు కబురొచ్చినా మావోళ్ళు నడుం కట్టుకునే బయల్దేరతారు. బేగి ఎల్లు."

అప్పటిదాకా ఆ ఊహే నాకు రాలేదు. ఘాటీ దిగి శృంగవరపుకోట, అక్కణ్ణుంచి విజయనగరం నడిచి రైలెక్కాను. ఇల్లు చేరేసరికి అమ్మను సమాధి చేసి మూడు రోజులైంది. దొరసాని రాసిన రెండో ఉత్తరం నేను దిగేటప్పుడు నా పక్కనుంచే కొండెక్కి ఉంటుంది.

"మీ అమ్మకు ప్రాణం మీదికొస్తే, గుండె దిటవు చేసుకోమని రాశానయ్యా" అంది దొరసాని.

"ఆ మాటకు ఆ అర్థం కూడా ఉందని నాకు తెలీదండీ" అన్నాను. ఆమె తల దించుకుంది.

వారం తిరిగేసరికి మళ్ళీ కొండ మీదున్నాను. వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. మీ అమ్మ ఎలాగుండేదని ముసలమ్మ అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. నా తెలుగు ఆమెకు సగమే తెలుస్తోందని తెలుసు, అయినా పొద్దు వాలేదాకా చెబుతూనే ఉన్నాను.